పుస్తకాలు లెక్కపెట్టే మేడం

(పాఠకుల ఉత్తరాలకు కడపలో ఉంటున్న ఒక రిటైర్డు తెలుగు టీచరు రాసే జవాబుల శీర్షిక ఇది. ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ బడి తెరిచిన రోజులవే.)

ప్రశ్న: మేడం గారూ, నమస్కారం. నిరుడు డీఎస్సీలో తెలుగు స్కూల్ అసిస్టెంటుగా ఎంపికై, ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో చేరాను. చేరింది సంవత్సరం మధ్యలో కాబట్టి బడి తెరిచే రోజుల హడావిడి చూడడం ఇదే మొదటిసారి. జూన్ 12న గేటు తీశాం. ఆ రోజు నుంచి ఎనిమిదో తరగతికి క్లాస్ టీచరు నేనే, పాఠ్యపుస్తకాల పంపకం నాదే, లైబ్రరీ నాదే, పిల్లల బూట్ల సైజులు రాసుకునే పనీ నాదే. పొద్దున ఫోన్లో హాజరు వేయాలంటే సిగ్నల్ కోసం గేటు దగ్గర వేపచెట్టు కిందికి పోవాలి. లోపలికి వచ్చేసరికి ఎవరో ఒక తండ్రి టీసీ కోసం నిలబడి ఉంటాడు. నా పదో తరగతి పీరియడును లెక్కల సారు అడిగి తీసుకుంటున్నారు, "తెలుగే కదా మేడం, మన భాషే కదా" అని. పన్నెండు రోజుల్లో ఒక్క పద్యం కూడా పూర్తిగా చెప్పలేదు. రాత్రిళ్లు లెసన్ ప్లాన్లు రాస్తూ అట్లే నిద్రపోతున్నాను. మొన్న ఏడుపొచ్చింది. సాహిత్యం చెప్పాలని ఈ ఉద్యోగానికి వచ్చాను. ఇందులో సాహిత్యం ఎక్కడుంది?
– పేరు వద్దన్న టీచరు, మైదుకూరు

జవాబు: అమ్మా, నిన్ను నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోవద్దు. నా చిన్నకూతురి ఈడు దానివి.

నీ ఉత్తరం చదువుతుంటే నాకు 1986 జూన్ గుర్తొచ్చింది. రాయచోటి అవతల ఒక పల్లె హైస్కూల్లో చేరాను. మండలాలు ఏర్పడి ఏడాది అయింది, ఏ కాగితం ఏ ఆఫీసుకు పోవాలో ఎవరికీ సరిగా తెలియని కాలం. ఫోన్లు లేవు, యాప్‌లు లేవు, అయినా పనికి మాత్రం కరువు లేదు. నాకు ముందున్న పండితులు లైబ్రరీ చార్జి అప్పజెప్పకుండానే బదిలీ మీద వెళ్లిపోయారు. హెడ్‌మాస్టరు గారు బీరువా తాళంచెవి నా చేతిలో పెట్టి, "లెక్క తేలేదాకా సంతకం పెట్టొద్దమ్మా, తర్వాత నీ జీతంలో కోస్తారు" అన్నారు. అంతే, నాకు భయం పట్టుకుంది. రిజిస్టర్లో 400 పైచిలుకు పుస్తకాలు. బీరువాలో ఉన్నవి అంతకు 40 తక్కువ. తొమ్మిది రోజులు వరండాలో చాప పరిచి, చెదలు దులుపుతూ, నంబర్లు కొట్టుకుంటూ కూర్చున్నాను. నా క్లాసులకు "చదువుకోండి" అని చెప్పి పంపేదాన్ని. (పోయినవాటిల్లో పదకొండు ఆ ఊరి పోస్టాఫీసులో దొరికాయి. అది వేరే కథ.)

పదో రోజు ఏడో తరగతికి పోయి, "మా బడి" గురించి అయిదు వాక్యాలు రాయమన్నాను. ముందు వరసలో కూర్చునే ఒక పిల్ల రాసింది: "మా బడిలో నలుగురు సార్లు, ఒక మేడం ఉండారు. లెక్కల సారు లెక్కలు చెప్తాడు. తెలుగు మేడం పుస్తకాలు లెక్కపెడ్తాది."

ఆ పలక... కాదు, ఆ కాగితం చాలా ఏళ్లు నా పర్సులో ఉండింది. పిల్ల అబద్ధం రాయలేదు. తొమ్మిది రోజుల్లో అది నన్ను చూసింది అంతే.

అందుకని నీకు మొదట చెప్పేది ఇదీ. బడిలో కాగితం పని తగ్గుతుందని ఎదురు చూడొద్దు. నా 33 ఏళ్ల సర్వీసులో ఒక్క జూన్‌లో కూడా తగ్గలేదు, రూపం మాత్రమే మారింది. తగ్గాక పాఠం మొదలుపెడదాం అనుకుంటే ఆగస్టు వస్తుంది. నేను చేసి చూసి కాస్త ఫలితం పొందింది ఒకటుంది: ఆ కాగితం పనినే పిల్లల చేత తెలుగులో చేయించడం.

ఎట్లాగంటే, నీ ఎనిమిదో తరగతికి ఒక్కో తెల్లకాగితం ఇవ్వు. నీ పూర్తి పేరు, ఇంటిపేరు, ఆ పేరు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, ఇంట్లో ఎవరెవరున్నారు, ఏ ఊరి నుంచి వస్తావు, నడిచా, ఆటోలోనా, పొద్దున ఏం తిన్నావు, నీ బూట్ల సైజు ఎంత. ఒక పేజీ రాయమను. తప్పులు దిద్దనని ముందే చెప్పు. ఆ నలభై కాగితాలు ఇంటికి తెచ్చుకుంటే నీ ఫారాలకు కావలసిన వివరాలన్నీ అందులోనే ఉంటాయి. దాంతోపాటు ఎవరికి ఒత్తులు రావు, ఎవరు వాక్యం ముగించలేరు, ఎవరి చేతిరాత మెడ వంచి చదివినా అర్థం కాదు, ఎవరు రెండు వాక్యాల్లో నవ్వించగలరు అన్నదీ తెలిసిపోతుంది. ఏ బేస్‌లైన్ పరీక్షా నాకు ఇంత చెప్పలేదు. "ఎందుకు పెట్టారు" అన్న ప్రశ్న మాత్రం వదలొద్దు. చిన్నప్పుడు జబ్బు చేస్తే దర్గాకు మొక్కుకుని పెట్టిన పేర్లు, బ్రహ్మంగారి మఠంలో పెట్టిన పేర్లు, చనిపోయిన జేజి పేరు... నువ్వు అడిగిన సాహిత్యం అక్కడ మొదలవుతుంది.

పేర్ల దగ్గర ఇంకో మాట. ఆధార్‌లో ఒక రకం, టీసీలో ఒక రకం, అడ్మిషన్ రిజిస్టర్లో ఒక రకం ఉంటుంది. సున్నా ఒకదానిలో ఉంటుంది, ఇంకోదానిలో ఎగిరిపోతుంది. ఇది చిన్న విషయం అనుకోకు. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల పేర్ల జాబితా) పోయేదాకా ఎవరికీ గుర్తుండదు, మెమో వచ్చాక ఆ తండ్రి కూలి మానుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు. బడిలో అక్షరం విలువ తెలిసినదానివి నువ్వు. మిగతా కాగితాల్లో వేగం చూపించు, పేర్ల కాగితంలో మాత్రం నిదానంగా ఉండు.

ఇక లెసన్ ప్లాన్లు. నేను చేరిన మొదటి ఏడాదిలో, సంవత్సరం మొత్తానికీ ఒకేసారి నాలుగు రంగుల సిరాతో రాశాను. తనిఖీకి వచ్చిన అధికారి "బ్రహ్మాండం" అని సంతకం పెట్టారు. సెప్టెంబరుకల్లా ఆ ప్లానుకీ నా క్లాసుకీ సంబంధం తెగిపోయింది. ఇయర్ ప్లాన్ ఎలాగూ ఇవ్వాలి, ఒక పేజీలో ఇచ్చెయ్. వివరంగా మాత్రం రెండు వారాలకు మించి రాయకు.

నోటుబుక్కులు: నీకు నాలుగు సెక్షన్లు, ఒక్కో దాంట్లో 40 మంది అనుకుందాం. 160 పుస్తకాలు. ఒక్కోదానికి రెండు నిమిషాలు పెట్టినా 5 గంటల పైన అవుతుంది. ఏ రాత్రీ అంత పొడుగు ఉండదు. రోజుకు 20 పుస్తకాలు, అందులోనూ ఈ వారం ఒత్తులు మాత్రమే, వచ్చే వారం వాక్యం చివర చుక్క మాత్రమే దిద్దు. పేజీ అంతా ఎర్రసిరా కనబడితే పిల్లవాడు ఏ తప్పునూ చూడడు, మార్కు చూసి మూసేస్తాడు.

ప్రతి పీరియడులో మొదటి పది నిమిషాలు ఎవరికీ ఇవ్వకు. పద్యం ఒకటి బోర్డు మీద ఉండాలి, నువ్వు రెండుసార్లు చదవాలి, వాళ్లు రెండుసార్లు చదవాలి. అర్థం రేపు చెప్పుకోవచ్చు. హెడ్‌మాస్టరు నుంచి మెమో వచ్చినా, వాకిట్లో టీసీ తండ్రి నిలబడినా, "పది నిమిషాలన్నా, కూర్చోండి" అనగలగాలి. ఆ తండ్రి కూర్చుంటాడు. కూర్చోవడమే కాదు, వింటాడు కూడా. మా బడిలో ఒకాయన కిటికీ దగ్గర నిలబడి పద్యం తాను అందుకున్నాడు, చిన్నప్పుడు వీధిబడిలో నేర్చుకున్నదట. పిల్లలు బోర్డు వదిలేసి ఆయన్నే చూశారు.

లెక్కల సారు సంగతి. పీరియడు ఇవ్వు, కానీ చేబదులుగా ఇవ్వు. స్టాఫ్‌రూములో ఒక కాగితం అతికించి, ఎవరు ఎప్పుడు తీసుకున్నారో రాసి, జనవరిలో తిరిగి తీసుకో. మేము అట్లే చేసేవాళ్లం. బాకీ కాగితం గోడ మీద కనబడేసరికి అడగడం సగం తగ్గింది. "మన భాషే కదా" అన్నదానికి వాదన పెట్టుకోకు. మా బడిలోనే లెక్కల్లో పాసై తెలుగులో తప్పిన పిల్లలున్నారు. ఆ రోజు ఆయనే వచ్చి అడుగుతారు, ఏమైంది మేడం అని.

గొంతు జాగ్రత్త. జూన్‌లో కొత్త టీచర్లందరూ అరుస్తారు, జూలైలో అందరికీ బొంగురు పోతుంది. రాత్రి పాలల్లో మిరియాల పొడి వేసుకుని తాగు. ఏడుపొస్తే ఏడువు, కానీ లెసన్ ప్లాన్ మీద కాదు. సిరా పాకితే మళ్లీ రాయాలి.

ప్రశ్న: మేడం, తొమ్మిదో తరగతిలో సగం మందికి ఒత్తులున్న పదాలు చదవడం రాదు. సిలబస్ చూస్తే కొండంత ఉంది. వీళ్లకు మళ్లీ అఆల నుంచి మొదలుపెడితే నామోషీ పడతారు. ఎట్లా?
– ఒక తెలుగు ఉపాధ్యాయుడు, జమ్మలమడుగు

జవాబు: సార్, నామోషీ సంగతి మీరు కనిపెట్టారు, అదే సగం వైద్యం. పద్నాలుగేళ్ల పిల్లవాడి చేతికి "అమ్మ, ఆవు" పుస్తకం ఇస్తే వాడు చదువునే కాదు, మిమ్మల్ని కూడా తప్పించుకు తిరుగుతాడు.

చదవడం రాని పిల్లలు దాన్ని ఎంత తెలివిగా దాస్తారో ఒకటి చెప్తాను. మా బడిలో ఒక పిల్లవాడు ఏ పాఠమైనా గడగడా చదివేవాడు. ఒకరోజు చెట్టు కింద క్లాసు. వాడు నిలబడి చదువుతుండగా గాలికి పేజీ తిరిగింది. వాడి చదువు మాత్రం ఆగలేదు, పాత పేజీనే చెప్పుకుంటూ పోయాడు. ఇంట్లో అక్క చదువుతుంటే విని మొత్తం బట్టీ పట్టాడన్నమాట. ఒత్తు వస్తే కాదు, మామూలు గుణింతం వచ్చినా చదవలేడు. జ్ఞాపకశక్తి చూడండి, మనందరికంటే మేలు! నేను ఆ పేజీ మళ్లీ తిప్పి ఊరుకున్నాను, అందరి ముందు ఏమీ అనలేదు. సాయంత్రం వాడితో బస్టాపు దాకా నడిచాను.

అక్కడే నాకు దారి దొరికింది. వాడు బస్సు బోర్డులు తప్పు లేకుండా గుర్తుపడతాడు. అక్షరాలు కూడబలుక్కుని కాదు, బొమ్మలాగా. అయితే బొమ్మను విడదీస్తే అక్షరం అవుతుంది కదా. మరుసటి రోజు మన ఊళ్ల పేర్లే బోర్డు మీద రాశాను. మన జిల్లా బస్సు బోర్డులు ఎవరో ఒత్తులు నేర్పడానికే రాయించినట్టు ఉంటాయి సార్.

ముద్దనూరు, ప్రొద్దుటూరు: ద కింద ద. చెన్నూరు: న కింద న. ఒంటిమిట్ట: ట కింద ట. వేంపల్లె: ల కింద ల. లక్కిరెడ్డిపల్లెలో మూడున్నాయి, దాన్ని చదివినవాడికి ఆ రోజు నేను బొరుగుల ఉండ ఇచ్చేదాన్ని. ఇవి ద్విత్వాలు, అదే అక్షరం కింద అదే అక్షరం, కాబట్టి ముందు ఇవే. ఇవి వచ్చాక బద్వేలు: ద కింద వ, అక్షరం మారింది. ఎర్రగుంట్లలో ఒకటి అదీ, ఒకటి ఇదీ. సిద్ధవటం దగ్గర ద కింద ధ అడుగున చిన్న గీతతో ఉంటుంది, ప్రొద్దుటూరులో ఉండదు, తేడా వాళ్లనే పట్టుకోమనండి. కొన్ని బోర్డుల మీద సిద్దవటం అనే ఉంటుంది, "మేడం, బోర్డు తప్పు" అని చెప్పే రోజు వస్తే ఆ పిల్లవాడికి ఒత్తులు వచ్చినట్టే. బ్రహ్మంగారిమఠం ఆఖరుకు ఉంచండి. రాసేది హ కింద మ, పలికేది మ తర్వాత హ. అది పెద్దవాళ్లనే తికమక పెడుతుంది.

ఇంకొక కిటుకు. ఒత్తుల్లో చాలావరకు అసలు అక్షరం తలకట్టు తీసేసి కింద పెట్టినట్టే ఉంటాయి. పోలికే లేనివి ముఖ్యంగా ఆరు: త, న, మ, య, ర, ల. మొత్తం గుణింతాల పట్టిక గోడకు వేలాడదీసే బదులు ఈ ఆరు ఒత్తులు అట్ట మీద పెద్దగా గీసి పెట్టండి. పిల్లలు తడబడేది సాధారణంగా వీటి దగ్గరే. నాకు మూడు వారాలు పట్టింది, రోజుకు పదిహేను నిమిషాలు. అందరికీ వచ్చిందని చెప్పను. సిలబస్ అన్నారు, ఆ మూడు వారాలూ మొదటి గద్యపాఠాన్ని నేను గట్టిగా చదివి వినిపించేదాన్ని, వాళ్లు వేలుపెట్టి పుస్తకంలో అనుసరించేవాళ్లు. పాఠమూ వెనకబడలేదు.

గాలికి పేజీ తిరిగిన పిల్లవాడు ఇప్పుడు ఆర్టీసీలోనే డ్రైవరు. బోర్డు తనే పెట్టుకుంటాడు.

ప్రశ్న: అమ్మా, మాది పులివెందుల దగ్గర పల్లె, చీనీ తోట ఉంది. మా వాడు ఆరో తరగతికి టౌను బడిలో చేరాడు. మొదటి వారంలోనే "మా ఎనుము ఈనింది. మా నాయన జున్ను తెచ్చినాడు" అని రాస్తే టీచరు ఎనుము కొట్టేసి గేదె అని, తెచ్చినాడు కొట్టేసి తెచ్చాడు అని దిద్దారంట. వాడు ఇంటికొచ్చి "మన మాట తప్పంట కదా నాయనా" అంటున్నాడు. తప్పా?
– ఒక రైతు

జవాబు: తప్పు కాదన్నా. వాడికి ఈ రోజే చెప్పండి.

ఎనుము పాత తెలుగు మాట. ఎనుబోతు అన్న మాట నిఘంటువుల్లో ఉంది, అది దీని జతే. కోస్తాలో గేదె, తెలంగాణలో బర్రె, మనకు ఎనుము. పాలు మూడూ ఒక్క తీరే ఇస్తాయి. "తెచ్చినాడు" అయితే ఇంకా విచిత్రం. అదే నిండు రూపం, దాన్ని కుదిస్తేనే "తెచ్చాడు" వచ్చింది. నిండుగా ఉన్నదాన్ని కొట్టేసి కుదించినదాన్ని రాయడం దిద్దుబాటు ఎట్లా అవుతుంది? పొద్దున పిల్లలు సద్ది కట్టుకుని పోతారు కదా, ఆ సద్ది పోతన భాగవతంలో గోపబాలురు తిన్న చల్ది. చల్ది చద్ది అయింది, చద్ది మన నోట సద్ది అయింది. ఆ పద్యాలు చెప్పే రోజు పిల్లలకు నేను ముందు క్యారియర్లు తెరవమనేదాన్ని.

ఇట్లా ఎందుకు జరుగుతుందంటే, గిడుగు రామమూర్తి పంతులు లాంటివాళ్లు పోరాడి పుస్తకాల్లోకి వాడుక భాషను తెచ్చారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. అయితే ఆ వాడుక భాష అచ్చులోకి వచ్చేసరికి ఎక్కువగా కోస్తా జిల్లాల చదువుకున్నవాళ్ల మాట అయి కూర్చుంది. మన మాటకు ఆ పీట వేయలేదు. టీచరమ్మను మాత్రం తిట్టుకోకండి. పరీక్ష పేపరు దిద్దేవాళ్లు ఎక్కడివాళ్లో తెలియదు, మార్కు పోతుందేమోనన్న భయం ఆమెది.

నేను చేసిన పని ఒకటుంది, వీలైతే ఆమెతో నెమ్మదిగా చెప్పి చూడండి. నోటుబుక్కు వెనక రెండు గళ్లు గీయించేదాన్ని, ఒకటి ఇంటి మాట, ఇంకొకటి పరీక్ష మాట. పరక – చీపురు. బోకులు – గిన్నెలు. దుడ్లు – డబ్బులు. కసువు – చెత్త. వారానికి పది మాటలు ఇంటి నుంచి తేవాలి. అవ్వలను అడిగి తెచ్చేవాళ్లు. కొన్నిసార్లు ఇంటి మాటకు పరీక్ష మాట దొరికేది కాదు, ఆ గడి ఖాళీగానే వదిలేసేవాళ్లం. మీవాడికి రెండూ రావాలి. ఒకటి వచ్చేసింది, ఇంకొకటి బడిలో నేర్చుకుంటాడు. జున్ను మిగిలి ఉంటే టీచరమ్మకు కొంచెం పంపండి, మాట కలుస్తుంది.

ప్రశ్న: నిరుటి నోటుబుక్కుల్లో తెల్ల పేజీలు చాలా మిగిలాయి. పారేయాలంటే మనసొప్పడం లేదు.
– ఒక గృహిణి, ప్రొద్దుటూరు

జవాబు: చింపి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేయండి. చిత్తు పుస్తకం. దాంట్లో తప్పు రాసినా ఎవరూ ఏమీ అనకూడదని ఇంట్లో ఒక నియమం పెట్టండి.

ప్రశ్న: మేడం, నేను పదో తరగతి. గురువు, లఘువు, గణవిభజన ఎందుకు నేర్చుకోవాలి? పరీక్ష తర్వాత ఎక్కడా పనికిరావు కదా. మా ఫ్రెండ్స్ అందరి తరపున అడుగుతున్నా.
– ఒక విద్యార్థి, రాయచోటి

జవాబు: నాయనా, ధైర్యంగా అడిగినావు, సంతోషం. పనికిరావడం సంగతి నేను చెప్పను. నువ్వు రాయచోటి వాడివి కాబట్టి ఒక ఆట చెప్తాను.

వేమన పద్యం చివరి పాదం నీకు తెలుసు: విశ్వదాభిరామ వినురవేమ. దీన్ని చప్పట్లతో విడగొట్టు. విశ్వ, దాభి, రామ, వినుర, వేమ. అయిదు ముక్కలు, వీటినే గణాలు అంటారు. గురువు అంటే పొడుగ్గా పలికే అక్షరం, లఘువు అంటే పొట్టి అక్షరం. విశ్వలో వి పొట్టిదే అయినా తర్వాత శ్వ ఉంది కాబట్టి గురువు, శ్వ లఘువు. గురువు, లఘువు కలిస్తే హగణం. దాభి, రామ, వేమ కూడా అంతే. వినుర మూడూ లఘువులు, నగణం. హగణం, నగణం ఈ రెండే సూర్యగణాలు. ఆటవెలదిలో రెండో పాదం, నాలుగో పాదం అయిదు సూర్యగణాలతో నడుస్తాయి. నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాలి: విశ్వలో వి, వినురలో వి. కుదిరింది.

ఇప్పుడు కడప బస్టాండుకు రా. కండక్టరు అరుస్తుంటాడు: "రాయచోటి రాయచోటి కడప." రాయ, చోటి, రాయ, చోటి, కడప. నాలుగు హగణాలు, ఒక నగణం. అయిదు సూర్యగణాలు! ఆటవెలది పాదమే, కాకపోతే నాలుగో గణం మొదట చో ఉంది, రాకీ చోకీ యతి కుదరదు. దీన్ని నేను క్లాసులో చెప్పి, "చూడండి, యతి లేదు కాబట్టి కండక్టరు కవి కాలేకపోయాడు" అని నవ్వాను. వెనక బెంచీ నుంచి ఒక పిల్లవాడు లేచి, "మేడం, బస్సు తిరిగి రావాలి కదా" అన్నాడు. ఏమిట్రా అంటే బోర్డు మీద రాశాడు: రాయచోటి కడప రాయచోటి.

నువ్వే విడగొట్టి చూడు. రాయ, చోటి, కడప, రాయ, చోటి. నాలుగో గణం మొదట రా. వాడు ఆ ఏడు తెలుగులో గొప్ప మార్కులేమీ తెచ్చుకోలేదు, కానీ ఆ రోజు వాడి ముఖం చూడాల్సింది. మీ ఫ్రెండ్స్‌ను ఇంకా వెతకమను. మైదుకూరు రెండు హగణాలు, అదీ వాడుకోవచ్చు. బద్వేలు, కర్నూలు, నంద్యాల మూడూ రెండు గురువుల మీద ఒక లఘువు, తగణాలు, సూర్యగణాల్లో చేరవు. ఇంద్రగణాల్లో అయినా చేరతాయా? అది మీ సారును అడుగు, ఇంకో పాదం కట్టడానికి కావాలని చెప్పు. ఎందుకు నేర్చుకోవాలి అని అడిగినదానికంటే ఆయన ఎక్కువ సంతోషపడతారు.

ప్రశ్న: బడి తెరిచిన వేడిలోనే ఏడో తరగతి పిల్లల్ని కడపలో బ్రౌన్ గ్రంథాలయానికి తీసుకురావాలనుకుంటున్నాం. పిల్లలకు ఏం చూపించాలి, ఎంతసేపు?
– ఒక ప్రైవేటు బడి తెలుగు టీచరు, కమలాపురం

జవాబు: మంచి ఆలోచన. కానీ పిల్లలకు అద్దాల బీరువాలు చూపించి బయటికి తెస్తే దారిలో తిన్న ఐస్‌క్రీము తప్ప ఇంకేమీ గుర్తుండదు. ముందు రోజు బడిలోనే కథ చెప్పండి. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టాడు. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చాడు. దొర వచ్చింది పన్నుల కచేరీ పనికి, పట్టుకున్నది వేమన పద్యాలను. తాటాకు ప్రతులు ఎక్కడెక్కడివో తెప్పించి, ఒకదానికొకటి పోల్చి రాయడానికి సొంత జీతంతో పండితులను పెట్టుకున్నాడు. 1829లో వేమన పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేశాడు. తర్వాత నిఘంటువు. 1884లో లండన్‌లో పోయాడు. ఎర్రముక్కపల్లెలో ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పటి గ్రంథాలయం లేచింది, దాని వెనక రచయిత జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి ఏళ్ల తరబడి శ్రమ ఉంది. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది.

కచేరీ కాగితాల మధ్య వేమనను పట్టుకున్న మనిషి అన్న ముక్క టీచర్లకు కూడా చెప్పండి, ఈ నెలలో వాళ్లకు అవసరం.

పిల్లలకు ఒక పని ఇచ్చి తీసుకెళ్లండి. ఒక్కొక్కరు ఇంటి నుంచి ఒక్క మాట కాగితం మీద రాసుకురావాలి, వాళ్ల అవ్వ వాడేది, పాఠ్యపుస్తకంలో లేనిది. అక్కడ బ్రౌన్ నిఘంటువు చూడనిస్తారేమో ముందే అడగండి. ఆ మాట దాంట్లో ఉందో లేదో వాళ్లే వెతకాలి. అక్షరక్రమం నేర్పడానికి ఇంతకన్నా మంచి పాఠం నాకు దొరకలేదు. దొరికినవాళ్లు అరుస్తారు, లైబ్రరీ అని వాళ్లకు ముందే చెప్పి ఉంచండి. దొరకనివాళ్ల మొహాలు వేలాడతాయి. "బ్రౌన్ దొర మీ అవ్వను కలవలేదు, అందుకే రాసుకోలేదు" అని చెప్పండి.

గంటన్నర చాలు. ఏ రోజు సెలవో ముందే కనుక్కోండి, మేము ఒకసారి ముప్పై రెండు మంది పిల్లలతో పోయి మూసిన గేటు చూసి వచ్చాం. మంచినీళ్ల సీసాలు మరవొద్దు, జూన్ చివరకు వచ్చినా కడప ఎండ ఇంకా సెలవుల్లోనే ఉన్నాననుకుంటుంది.